ఎంబెడెడ్ లినక్స్‌లో గ్రాఫిక్స్ డ్రైవరు స్థాపన: తెలుగు తెర దృష్ట్యా పరిశీలన

వ్యాససంగ్రహం:
చిన్న కంప్యూటరు పరికరాల తెరపై తెలుగు పాఠం కనిపించాలంటే ఫాంటు ఒక్కటే చాలదు. కెర్నెల్, గ్రాఫిక్స్ డ్రైవరు, లిపి సంయోజన గ్రంథాలయం, ఫాంటు అన్నీ కలిసి పనిచేయాలి. వీటిలో డ్రైవరు స్థానాన్ని, దాని స్థాపన క్రమాన్ని, మూల సంకేతం అందుబాటులో ఉండటం వల్ల కలిగే ప్రయోజనాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఎంబెడెడ్ లినక్స్, గ్రాఫిక్స్ డ్రైవరు, మెసా, యూనికోడ్, లిపి సంయోజనం.

1. ఉపోద్ఘాతం:
జనగామ జిల్లా రఘునాథపల్లి పూర్వపు వరంగల్ జిల్లాలోని మండల కేంద్రం. ఇటువంటి చోట ఒక గ్రంథాలయమో కళాశాలో తెలుగు కావ్యాలను తెరపై చదివించే చిన్న పరికరాన్ని ఏర్పాటు చేసుకోదలిస్తే, తక్కువ ఖర్చులో లభించే రాస్ప్‌బెర్రీ పై వంటి బోర్డు, దానిపై లినక్స్ సరిపోతాయి. బమ్మెర గ్రామం ఉన్న జిల్లా కూడా ఇదే. ఆ గ్రామనామాన్ని ఇంటిపేరుగా కలిగిన పోతన పేరుతోనే తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన యూనికోడ్ ఫాంటు ప్రసిద్ధమైంది. అయితే ఫాంటును స్థాపించిన తరువాత కూడా తెర నల్లగా ఉండిపోవచ్చు. పుట తిప్పితే క్షణాల తరబడి కదలకపోవచ్చు. అప్పుడు పరిశీలించవలసినది గ్రాఫిక్స్ డ్రైవరును.

2. డ్రైవరు స్వరూపం:
లినక్స్‌లో గ్రాఫిక్స్ డ్రైవరు రెండు భాగాలుగా ఉంటుంది. మొదటిది కెర్నెల్‌లో ఉండే డీఆర్ఎం విభాగం. తెర పరిమాణాన్ని నిర్ణయించడం, జ్ఞాపకశక్తిని పంచడం, గ్రాఫిక్స్ ప్రాసెసరుకు పని అప్పగించడం దీని బాధ్యతలు. రెండవది వినియోగదారు స్థాయిలో ఉండే మెసా. బ్రయాన్ పాల్ 1993లో ప్రారంభించిన ఈ గ్రంథాలయం అనువర్తనాలు ఇచ్చే ఓపెన్‌జీఎల్ ఆదేశాలను ప్రాసెసరుకు అర్థమయ్యే ఆదేశాలుగా మారుస్తుంది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లోపించినా హార్డ్‌వేర్ వేగం అందదు. కెర్నెల్ భాగం పనిచేసి, మెసాకు తగిన డ్రైవరు దొరకకపోతే చిత్రణ భారమంతా ప్రధాన ప్రాసెసరుపై పడుతుంది. తెర కనిపిస్తుంది గాని మందకొడిగా నడుస్తుంది.

3. మూసిన డ్రైవరు, తెరచిన డ్రైవరు:
2013లో వచ్చిన బీగిల్‌బోన్ బ్లాక్ బోర్డులో పవర్‌వీఆర్ ఎస్‌జీఎక్స్530 గ్రాఫిక్స్ భాగం ఉంది. దాని తయారీదారుల డ్రైవరులో వినియోగదారు స్థాయి భాగం యంత్ర సంకేతంగా మాత్రమే లభించేది. కెర్నెల్ భాగం దానికి సరిగ్గా సరిపోయే సంచికదై ఉండాలి. లినక్స్ కెర్నెల్ తన అంతర్గత అమరికలు మారకుండా ఉంటాయని హామీ ఇవ్వదు. కనుక అటువంటి పరికరం పాత కెర్నెల్‌కే కట్టుబడి, భద్రతా సవరణలకు దూరమయ్యే ప్రమాదం ఉంది.

రాస్ప్‌బెర్రీ పై చరిత్ర ఇందుకు భిన్నం. బ్రాడ్‌కామ్ సంస్థ 2014 ఫిబ్రవరిలో వీడియోకోర్ 4 గ్రాఫిక్స్ భాగపు వివరణ పత్రాలను విడుదల చేసింది. ఎరిక్ ఆన్‌హోల్ట్ రచించిన వీసీ4 డ్రైవరు 2016 నాటికి ప్రధాన కెర్నెల్‌లో చేరింది. మాలి గ్రాఫిక్స్ భాగాలకు లిమా, పాన్‌ఫ్రాస్ట్ డ్రైవర్లు 2019లో 5.2 సంచికతో వచ్చాయి. ప్రధాన కెర్నెల్‌లో చేరిన డ్రైవరును కెర్నెల్‌తో పాటే సవరిస్తారు. పరికరం ఎన్నేళ్లు పనికొస్తుందన్నది చాలావరకు దీనిపైనే ఆధారపడుతుంది.

4. స్థాపన క్రమం:
మొదట బోర్డులోని గ్రాఫిక్స్ భాగం ఏదో తెలుసుకోవాలి. తరువాత దానికి తగిన డ్రైవరు కెర్నెల్‌లో ఉందో లేదో చూడాలి. ఎంబెడెడ్ బోర్డులలో హార్డ్‌వేర్ వివరాలను కెర్నెల్‌కు తెలిపేది డివైస్ ట్రీ. అందులో గ్రాఫిక్స్ భాగపు నమోదు లేకపోతే డ్రైవరు ఉన్నా మేలుకోదు. రాస్ప్‌బెర్రీ పైలో బూట్ విభాగపు కాన్ఫిగ్ ఫైలులో వీసీ4 కేఎంఎస్ వీ3డీ ఓవర్‌లేను చేర్చడం ఈ నమోదు కోసమే. ఆపై మెసా ప్యాకేజీలను స్థాపించి, వినియోగదారును వీడియో, రెండర్ సమూహాలలో చేర్చి, పరికరాన్ని తిరిగి ప్రారంభించాలి.

ఫలితాన్ని మూడు చోట్ల సరిచూడవచ్చు. కెర్నెల్ సందేశాలలో డ్రైవరు పేరు కనిపించాలి. డెవ్ సంచయంలోని డీఆర్ఐ విభాగంలో కార్డ్, రెండర్ ఫైళ్లు ఏర్పడాలి. ఓపెన్‌జీఎల్ వివరాలలో గ్రాఫిక్స్ భాగం పేరు రావాలి. అక్కడ ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని వస్తే చిత్రణ ఇంకా ప్రధాన ప్రాసెసరు మీదే జరుగుతున్నదని గ్రహించాలి.

5. తెలుగు లిపి, డ్రైవరు పరిమితి:
యూనికోడ్‌లో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు 128 స్థానాలు కేటాయించారు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు సంకేతాల వరుస. ఈ ఆరింటిని ఒక అక్షరరూపంగా కూర్చేది హార్ఫ్‌బజ్ వంటి సంయోజన గ్రంథాలయం. ఫాంటులోని గీతలను చుక్కలుగా మలిచేది ఫ్రీటైప్. సిద్ధమైన చిత్రాన్ని తెరకు చేర్చడమే డ్రైవరు పని.

ఈ విభజన తెలిస్తే దోషాన్ని గుర్తించడం సులభం. అక్షరాలకు బదులు ఖాళీ పెట్టెలు కనిపిస్తే సాధారణంగా ఫాంటు లేదని అర్థం. పొల్లులు, వత్తులు విడివిడిగా పడితే సంయోజనంలో లోపం. తెర వెలగకపోయినా, చిత్రణ మందగించినా మొదట డ్రైవరును అనుమానించాలి. లినక్స్ సాధారణ అక్షర కన్సోలుకు లిపి సంయోజన శక్తి లేదు. అక్కడ తెలుగు సరిగా రాకపోవడం డ్రైవరు దోషం కాదు.

1980లలో భారతీయ లిపులను తెరపై చూపడానికి కంప్యూటరులో జిస్ట్ కార్డు అనే ప్రత్యేక హార్డ్‌వేరును అమర్చేవారు. నాడు కార్డు చేసిన సంయోజనాన్ని నేడు స్వేచ్ఛగా లభించే సాఫ్ట్‌వేరు చేస్తున్నది.

6. ముగింపు:
తెలుగు పాఠాలను సంఖ్యీకరించడంపై జరిగినంత చర్చ వాటిని చూపే పరికరాల ఆయుర్దాయంపై కూడా జరగవలసి ఉంది. కళాశాలలు, గ్రంథాలయాలు బోర్డును కొనేటప్పుడు ధరతో పాటు దాని గ్రాఫిక్స్ డ్రైవరు ప్రధాన కెర్నెల్‌లో ఉన్నదా అని విచారించడం అవసరం. పాఠం యూనికోడ్‌లో భద్రంగా ఉన్నా, దానిని చూపే పరికరానికి సవరణలు అందకపోతే మరికొన్నేళ్లలో అదే సొమ్మును మళ్లీ వెచ్చించవలసి వస్తుంది.