ఇంట్లో ఇంటర్నెట్ నెమ్మదించినప్పుడు

రియాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా పెద్దబ్బాయి ప్రతి శుక్రవారం రాత్రి ఇంటికి వీడియో కాల్ చేస్తాడు. ఒక నెల రోజుల పాటు ఆ కాల్ మా ఇంట్లో అందరికీ మనస్తాపం కలిగించింది. మాట మధ్యలో అతని ముఖం తెరపై బొమ్మలా నిలిచిపోయేది. "అమ్మీ, మీ మాట తెగిపోతోంది" అన్న వాక్యం తప్ప మరేదీ పూర్తిగా వినిపించేది కాదు. వాడి దాదీ అయితే పిల్లవాడికి ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడేవారు. కనెక్షన్ ఇచ్చిన సంస్థకు ఫోన్ చేస్తే పెద్ద ప్లాన్ తీసుకోమన్నారు. 50 మెగాబిట్ల ప్లాన్‌ను 100 మెగాబిట్లకు మార్చుకున్నాము. బిల్లు పెరిగింది, కాల్ మాత్రం ఆగుతూనే ఉంది.

అసలు వీడియో కాల్‌కు అంత వేగం అవసరమే లేదు. స్పష్టమైన చిత్రానికి 2 నుంచి 4 మెగాబిట్లు సరిపోతాయి. అంటే పాత ప్లానే మాకు ఎక్కువ! ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఆ సొమ్ము మిగిలేది. ఇక్కడే మరొక విషయం కూడా చెప్పుకోవాలి. ప్లాన్‌లో చెప్పే లెక్క మెగాబిట్లలో ఉంటుంది, కంప్యూటర్ ఫైలును దించుకునేటప్పుడు చూపే లెక్క తరచుగా మెగాబైట్లలో ఉంటుంది. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కనుక 100 మెగాబిట్ల కనెక్షన్‌పై సెకనుకు 12 మెగాబైట్లు వస్తుంటే అది లోపం కాదు, మోసమూ కాదు.

లోపం ఎక్కడున్నదో తేల్చడానికి మొదట చేయవలసిన పని వైఫైని పక్కనపెట్టడం. ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు కలిపి వేగం పరీక్షించాలి. ఆ సమయంలో ఇంట్లోని మిగతా ఫోన్లు, టీవీ వైఫై నుంచి తప్పించి ఉంచాలి. కేబుల్‌పై ప్లాన్‌కు దగ్గరగా వేగం వస్తే బయటి లైను బాగున్నట్లే. లోపం వైఫైలోనో, ఇంట్లోని పరికరాల్లోనో ఉంది. కేబుల్‌పై కూడా రాకపోతే సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు. అప్పుడు మన దగ్గర ఆధారం ఉంటుంది గనుక "ప్లాన్ పెంచుకోండి" అనే జవాబుతో సరిపెట్టుకోనక్కరలేదు. అయితే ఫిర్యాదుకు ముందు మరొక కేబుల్‌తోనూ చూడాలి. పాత ల్యాప్‌టాప్‌ల పోర్టులు కొన్ని 100 మెగాబిట్లు దాటవు. లోపల ఒక జత తీగ తెగిన కేబుల్ కూడా అక్కడే ఆగిపోతుంది. ఫైబర్ కనెక్షన్ అయితే గోడకు తగిలించిన పెట్టెపై 'లాస్' అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలుగుతున్నదేమో చూడండి. వెలుగుతుంటే వెలుతురు సంకేతం ఇంటి దాకా రావడం లేదని అర్థం, దానికి ఇంట్లో చేయగల చికిత్స లేదు.

మా పరీక్షలో కేబుల్‌పై 94 మెగాబిట్లు వచ్చాయి. పడకగదిలో వైఫైపై వచ్చినవి ఆరు. కారణం వెతకడానికి ఎంతో దూరం వెళ్ళనక్కరలేకపోయింది. తీగలు కనిపించకూడదని మేమే రౌటర్‌ను ఇనుప బీరువా వెనుక దాచి ఉంచాము. వైఫై తరంగాలను లోహం తిప్పికొడుతుంది. పెద్ద అద్దం, నీళ్ళ ట్యాంకు, కాంక్రీటు గోడ కూడా వాటిని బలహీనపరుస్తాయి. రౌటర్‌ను హాలు మధ్యలో, మనిషి ఎత్తులో, బయటికి కనబడేటట్లు పెట్టాలి. అందం కాస్త తగ్గుతుంది, అంతే. మైక్రోవేవ్ పొయ్యి పక్కన మాత్రం పెట్టకూడదు. అది, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై దాదాపు ఒకే తరంగాలపై పనిచేస్తాయి. రౌటర్‌కు 5 గిగాహెర్ట్జ్ కూడా ఉంటే దగ్గరి గదుల్లో దానినే వాడుకోవాలి. అది వేగవంతమైనది, కానీ గోడలు దాటే శక్తి తక్కువ. అపార్టుమెంట్లలో ఇరుగుపొరుగు రౌటర్లన్నీ 2.4పై ఒకదానితో ఒకటి పోటీపడతాయి. అక్కడ 1, 6, 11 ఛానళ్ళలో రద్దీ తక్కువగా ఉన్నదానిని ఎంచుకోవడం మేలు.

రౌటర్‌ను బయటికి తెచ్చాక వేగం బాగుపడింది. ఆశ్చర్యమేమిటంటే శుక్రవారం రాత్రి కాల్ మళ్ళీ ఆగింది. మిగతా రోజుల్లో లేని జబ్బు ఆ రాత్రికే ఎందుకు? చివరకు దొరికిన దోషి మా అమ్మాయి ఫోను. బంధువుల నికాహ్ వీడియోలు గంటల కొద్దీ తీసి పెట్టుకున్నది. అవన్నీ ప్రతి శుక్రవారం రాత్రి, ఆమె ఫోను ఛార్జింగ్‌లో పెట్టగానే, క్లౌడ్‌లోకి ఎక్కుతున్నాయి. మనం పంపే దారి నిండిపోతే వచ్చే దారి కూడా మందగిస్తుంది. డేటా అందినదని తెలిపే చిన్న చిన్న జవాబులు సైతం ఆ వరుసలోనే నిలబడాలి కదా! దించుకునే వేగం ఎంత ఉన్నా కాల్ తడబడేది అందుకే. ఫోటోల బ్యాకప్‌ను కాల్ సమయంలో ఆపివేశాము.

కంప్యూటర్‌లో ఇటువంటి దొంగవాడకాన్ని పట్టుకోవడం సులువు. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో నెట్‌వర్క్ అనే శీర్షికపై నొక్కితే ఎక్కువ వాడుతున్న ప్రోగ్రాములు పైకి వస్తాయి. చాలాసార్లు అక్కడ కనిపించేది విండోస్ అప్‌డేటే. నెల చివరి రోజుల్లోనే నెమ్మదిస్తే మాత్రం కంప్యూటర్‌ను నిందించవద్దు. ప్లాన్‌లోని డేటా పరిమితి దాటిందేమో చూసుకోవాలి.

గల్ఫ్‌లో బిడ్డలున్న కుటుంబాలు మరొక సంగతి ఎరిగి ఉండాలి. సౌదీ అరేబియా ఇంటర్నెట్ కాల్స్‌పై నిషేధాన్ని 2017లో సడలించింది. యుఎఇలో వాట్సాప్ కాల్స్‌పై అడ్డంకులు ఉన్నాయి, కాబట్టి దుబాయ్ నుంచి ఆ కాల్ కలవకపోతే మన రౌటర్ తప్పు కాకపోవచ్చు. సముద్రగర్భ కేబుళ్ళు తెగడమూ ఉంటుంది. 2008 జనవరిలో అలెగ్జాండ్రియా సమీపంలో కేబుళ్ళు తెగినప్పుడు మన దేశంలోనూ, గల్ఫ్‌లోనూ ఇంటర్నెట్ దెబ్బతిన్నది.

ఆ తరువాతి శుక్రవారం కాల్ నలభై నిమిషాలు ఆగకుండా సాగింది. దాదీ మనవడిని గడ్డం ఎందుకు అంత పెంచావని అడిగారు, తెర మీద అంత స్పష్టంగా కనిపించింది మరి. 100 మెగాబిట్ల ప్లాన్‌ను మళ్ళీ 50కి దించుకున్నాము.