పాటిగడ్డలో చరిత్ర పాఠం
నాణెం కన్నా అది దొరికిన చోటుకే విలువ.. కోటిలింగాల చెబుతున్నదిదే

పూర్వపు కరీంనగర్, నేటి జగిత్యాల జిల్లాలో గోదావరితో పెద్దవాగు కలిసే చోట ఉన్న కోటిలింగాల శాతవాహనుల చరిత్రలో ప్రత్యేక స్థానం పొందింది. అయితే ఈ గ్రామం ప్రాధాన్యాన్ని మొదట వెలికి తెచ్చినవి తవ్వకాలు కావు. వర్షాలకు మట్టి కొట్టుకుపోయినప్పుడు పైకి తేలిన నాణేలను చరిత్రపై ఆసక్తి గల స్థానికులు సేకరించి భద్రపరిచారు. వాటిని శాసన పరిశోధకుడు పి.వి.పరబ్రహ్మశాస్త్రి పరిశీలించి ప్రకటించిన తరువాతనే పండితుల దృష్టి ఇటు మళ్లింది. అనంతరం నాటి ఆంధ్రప్రదేశ్ పురావస్తు శాఖ వి.వి.కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో తవ్వకాలు జరిపి, ఇటుక కట్టడాలతో కూడిన ప్రాచీన నగరం ఆనవాళ్లను గుర్తించింది.

శాతవాహన వంశ మూలపురుషుడైన సిముకుని పేరు అంతకు ముందు పురాణాల రాజవంశ జాబితాల్లోనూ, మహారాష్ట్రలోని నానేఘాట్ గుహలోనూ మాత్రమే కనిపించేది. అతనివిగా భావిస్తున్న నాణేలు కోటిలింగాలలో లభించాయి. శాతవాహనులకు పూర్వం పాలించిన గోభద, సమగోప వంటి రాజుల పేర్లు కూడా ఇక్కడి నాణేల వల్లనే తెలిశాయి. శాతవాహనుల తొలి పాలన తెలంగాణ నేల మీదనే మొదలైందనే వాదనకు ఇవి ఆధారమయ్యాయి. ఇవే నాణేలు దొరికిన చోటు తెలియకుండా వ్యాపారుల చేతుల్లో పడి ఉంటే ఆ వాదనకు ఆధారమే మిగిలేది కాదు.

పాటిమన్నుతో పాటే పోతున్న ఆధారాలు

పాత ఊళ్లున్న దిబ్బలను మన పల్లెల్లో పాటిగడ్డలని పిలుస్తారు. ఆ మన్ను సారవంతమైనదని పొలాలకు తోలుకోవడం, చేలను చదును చేయడం ఆనవాయితీగా వస్తోంది. దీనివల్ల శతాబ్దాలుగా ఒకదానిపై ఒకటి పేరుకున్న మట్టి పొరలు కలిసిపోతాయి. కోటిలింగాలకు శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం ముంపు సైతం తోడైంది. ప్రతి దిబ్బ వద్దా కాపలా ఉంచడం ఏ ప్రభుత్వ శాఖకూ సాధ్యం కాదు. తమ కాళ్ల కింద ఏముందో ఊరివారికి, ముఖ్యంగా బడి పిల్లలకు తెలియజేయడమే దీనికి మార్గం.

తరగతి గదిలోనే తవ్వకం

ఇందుకు పెద్ద ఖర్చు అవసరం లేదు. ఒక తొట్టెలో నల్లమట్టి, ఇసుక, ఎర్రమట్టిని పొరలుగా పోసి అడుగున కుండపెంకులు, మధ్యలో పాత పైసలు, పైపొరలో కలం మూత వంటివి దాచాలి. పైభాగాన్ని దారాలతో గళ్లుగా విభజించి, విద్యార్థుల చేత కుంచెతో ఒక్కో పొరనే తొలగింపజేయాలి. ఏ వస్తువు ఏ గడిలో, ఎంత లోతున దొరికిందో పుస్తకంలో రాయించాలి. గోతులతో కలతపడని చోట కింది పొర పాతదని, పై పొర కొత్తదని వారికి దీనితో బోధపడుతుంది. ఒక కుండను పగులగొట్టి, ముక్కలకు అంకెలు వేసి, తిరిగి అతికింపజేయడం మరో పాఠం.

పెంకులను పోల్చుకోవడం కూడా నేర్పవచ్చు. లోపల నలుపు, వెలుపల ఎరుపు రంగు ఉన్న పెంకులు ప్రాచీన ఆవాసాలలో తరచూ కనిపిస్తాయి. కుండను బోర్లించి కాల్చినప్పుడు లోపలికి గాలి అందక ఆ భాగం నల్లబడుతుందని, గాలి తగిలిన భాగం ఎర్రబడుతుందని నిపుణులు వివరిస్తారు. శాతవాహనుల కాలపు ఇటుకలు నేటి ఇటుకల కన్నా ఎంతో పెద్దవి. వీటిని గుర్తించగల విద్యార్థి తన ఊరి దిబ్బను మునుపటిలా చూడడు.

దొరికితే ఏం చేయాలి?

పాటిగడ్డపై నడిచి చూడవచ్చు గాని తవ్వరాదు. అనుమతి లేని తవ్వకం చట్టవిరుద్ధమే కాక, ఒకసారి చెదిరిన పొరను తిరిగి పేర్చడం ఎవరి తరమూ కాదు. నాణెం కనిపిస్తే చింతపండుతోనో బూడిదతోనో తోమరాదు. మెరుపు కోసం తోమితే అక్షరాలు అరిగిపోతాయి. దొరికిన చోటు, తేదీ, పొలం సర్వే నంబరు రాసి, ఫొటో తీసి, తహసీల్దారుకు లేదా పురావస్తు శాఖ అధికారులకు తెలియజేయాలి. నూరేళ్లు దాటిన నాణేలు, శిల్పాలు 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి వస్తాయి. లైసెన్సు లేకుండా వీటితో వ్యాపారం చేయడం నేరం.

ఏటా నవంబరు 19 నుంచి 25 వరకు ప్రపంచ వారసత్వ వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో ఉపన్యాసాలు, వ్యాసరచన పోటీలతో సరిపెట్టకుండా ప్రతి పాఠశాలలో ఒక మట్టితొట్టె ఏర్పాటు చేయవచ్చు. ఊరి పెద్దలను వెంటబెట్టుకొని పాటిగడ్డను చూపించి, దాని హద్దులను పటంలో గుర్తింపజేయవచ్చు. ట్రాక్టరు వచ్చి మన్ను ఎత్తే రోజున అడ్డు చెప్పగలిగేది అక్కడ ఉన్న ఊరివారే గాని రాజధానిలోని అధికారులు కాదన్నది గమనార్హం.