సంతకం పెట్టే ముందు: వైద్య పరిశోధన గురించి తెలుసుకుందాం



హైదరాబాదు పెద్ద ఆసుపత్రులకు మేము పంపే రోగుల్లో కొందరు ఒక కాగితాల కట్టతో తిరిగి వస్తుంటారు. "పరిశోధనలో చేరతారా అని అడిగారు సిస్టరమ్మా! మా మీద ప్రయోగం చేస్తారా?" అని భయపడతారు. ఇంట్లో ఒకరు వద్దంటారు, మరొకరు మందులు ఉచితమే కదా అంటారు. అందుకే ఈ సంచికలో ఆ విషయం వివరిస్తున్నాము.

పరిశోధన అంటే ఏమిటి?

బైబిలులో దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం గుర్తు చేసుకోండి. దానియేలు, అతని ముగ్గురు స్నేహితులు పది రోజులు శాకాహారం తిని, నీళ్లు తాగారు. తరువాత వారి ముఖాలను రాజు భోజనం తిన్న యువకుల ముఖాలతో పోల్చి చూశారు. ఇద్దరికి రెండు రకాలుగా ఇచ్చి, కొన్నాళ్లకు పక్కపక్కన పెట్టి చూడడం, ఇదే పరిశోధనకు మూలం.

ఈనాడు అదనంగా మరొక జాగ్రత్త తీసుకుంటారు. ఎవరికి కొత్త మందు, ఎవరికి పాత వైద్యం అన్నది డాక్టరు ఇష్టప్రకారం కాకుండా చీటీలు వేసినట్టు నిర్ణయిస్తారు. లేకపోతే బలంగా ఉన్నవారంతా ఒక గుంపులో చేరి, వారు కోలుకుంటే ఆ గొప్ప మందుకు దక్కుతుంది. చాలాసార్లు ఎవరికి ఏ మందు అందుతున్నదో రోగికీ, డాక్టరుకూ కూడా తెలియనివ్వరు.

ఇంత శ్రమ ఎందుకు? మూడు జబ్బుల చరిత్ర చూస్తే తెలుస్తుంది.

1. వెన్నుపాము దెబ్బ

మన జిల్లాల్లో మోకు జారి తాటిచెట్టు మీది నుండి పడిన గీత కార్మికులను, పాలమూరు నుండి వలస వెళ్లి కట్టడాల మీది నుండి పడిన కూలీలను ఎందరినో చూస్తుంటాము. దెబ్బ తగిలిన 8 గంటల లోపు ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే కొంత మేలని 1990లో అమెరికాలో ఒక పరిశోధన చెప్పింది. ప్రపంచమంతా వాడసాగారు. తరువాత లెక్కలు మళ్లీ చూస్తే మేలు స్వల్పమని, ఇన్‌ఫెక్షన్లు, కడుపులో రక్తస్రావం వంటి కీడు ఉందని తేలింది. 2013లో అమెరికా న్యూరోసర్జన్ల సంఘాలు దాన్ని వాడవద్దని సూచించాయి. నేటికీ నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు.

తెగిన వెన్నుపామును తిరిగి అతికించే మందు ఇంతవరకు లేదు. పడిన మనిషిని కూర్చోబెట్టకుండా, మెడ, నడుము కదలకుండా చెక్క మీద పడుకోబెట్టి తీసుకురావడం, పుండ్లు పడకుండా పక్కకు తిప్పుతూ ఉండడం, మూత్రం సంగతి చూసుకోవడం, వ్యాయామం చేయించడం, ఇవే ప్రాణాన్ని నిలబెడుతున్నాయి. "స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే లేచి నడుస్తాడు" అని ఎవరైనా లక్షలు అడిగితే పొలం అమ్ముకోకండి. రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులకు తప్ప మిగతా వాటికి స్టెమ్ సెల్స్ వాడకం ఇంకా పరిశోధన దశలోనే ఉందని, దానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదని ఐ.సి.ఎం.ఆర్. 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

2. కరోనా వైరస్

అదే స్టెరాయిడ్ జాతి మందు ఇక్కడ వేరే కథ చెప్పింది. బ్రిటన్‌లో జరిగి 2020 జూన్‌లో ఫలితాలు వెలువడిన రికవరీ అనే పరిశోధనలో 2,104 మందికి డెక్సామెథాసోన్ ఇచ్చి, ఇవ్వని 4,321 మందితో పోల్చారు. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం ఏ మేలూ కనబడలేదు. ఎంతో చవకైన మందు, అయితే ఎవరికి, ఎప్పుడు ఇవ్వాలో పరిశోధన వల్లనే తెలిసింది. 2021లో అది వినకుండా ఇళ్లలోనే స్టెరాయిడ్లు మింగినవారు ఉన్నారు. అదుపులో లేని షుగరుకు ఇది తోడై బ్లాక్ ఫంగస్ వచ్చి, హైదరాబాదు కోఠి ఇ.ఎన్.టి. ఆసుపత్రి రోగులతో నిండిపోయింది.

కోవాక్సిన్ టీకా మొదటి దశ పరీక్షలు 2020 జూలైలో నిమ్స్‌తో సహా 11 ఆసుపత్రుల్లో 375 మంది వాలంటీర్లతో జరిగాయి. ఆ ముక్కూ మొహం తెలియని మనుషుల ధైర్యం వల్ల మనకు మేలు కలిగింది.

3. ఊపిరితిత్తుల క్యాన్సర్

క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్ మాత్రలు ఈ క్యాన్సర్ రాకుండా కాపాడతాయని ఒకప్పుడు చాలామంది నమ్మారు. ఫిన్లాండులో పొగతాగే 29,133 మంది పురుషులతో పరిశోధన చేసి 1994లో ఫలితం ప్రకటించారు. మాత్రలు మింగినవారిలో క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది! క్యారెట్ తినడం వల్ల నష్టం లేదు. కానీ బీడీ మానకుండా మాత్రలతో తప్పించుకోవచ్చన్నది భ్రమ. మానడమే మందు.

ఖమ్మం నేర్పిన పాఠం

పరిశోధన ఎంత అవసరమో, దాన్ని సరైన పద్ధతిలో చేయడం అంతే అవసరం. 2009 జూలైలో, అప్పటి నల్గొండ జిల్లాకు ఆనుకుని ఉన్న ఖమ్మం జిల్లాలో, 10 నుండి 14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్.పి.వి. టీకా వేసే ప్రాజెక్టు మొదలైంది. వారిలో ఎందరో గిరిజన హాస్టళ్లలో చదివే పిల్లలు. చాలా అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. కొందరు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో దాన్ని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ కమిటీ చెప్పింది. అయినా అంగీకారం తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పు పట్టింది.

టీకా మంచిదే. నేడు ఎన్నో దేశాలు వేస్తున్నాయి. కానీ అమ్మానాన్నలకు చెప్పకుండా వేసినప్పుడు మంచి టీకా మీద కూడా నమ్మకం పోతుంది. పేదవాని సంతకం కూడా సంతకమే, దాన్ని ఇంకొకరు పెట్టరాదు.

సంతకానికి ముందు ఈ ప్రశ్నలు అడగండి

1. ఇది నా జబ్బుకు వైద్యమా, పరిశోధనా? నాకు కొత్త మందు తప్పక దొరుకుతుందా, చీటీ ప్రకారమా?
2. ఏ మేలు రావచ్చు? ఏ కీడు రావచ్చు?
3. చేరకపోతే మామూలు వైద్యం ఆగుతుందా? ఆగకూడదు. మధ్యలో మానుకున్నా ఆగకూడదు.
4. హాని జరిగితే ఎవరు చూస్తారు? 2019 నిబంధనల ప్రకారం ఉచిత వైద్యం ఇవ్వాలి. హాని పరిశోధన వల్లనేనని తేలితే నష్టపరిహారం కూడా ఇవ్వాలి.
5. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? సి.టి.ఆర్.ఐ. నంబరు ఎంత? 2009 జూన్ 15 నుండి మందుల పరిశోధనలు ఆ రిజిస్టరులో నమోదు కావాలి. ఇంట్లో చదువుకున్న పిల్లలు ఇంటర్నెట్‌లో చూడవచ్చు.
6. కాగితం తెలుగులో ఉందా? చదువు రానివారికి సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించాలి. కాగితం నకలు ఒకటి మీకివ్వాలి.

"రేపు చెబుతాము" అనడానికి మీకు హక్కు ఉంది. కాగితం ఇంటికి తెచ్చుకుని, పెద్దలతో మాట్లాడి, ప్రార్థన చేసి నిర్ణయించుకోండి. మన ఆసుపత్రికి తెస్తే నర్సింగ్ ఆఫీసులో మేము కూర్చుని చదివి వివరిస్తాము. చేరమని గానీ, వద్దని గానీ ఒత్తిడి చేయము.

చేరేవారు తమ తరువాత ఆ మంచం మీదికి వచ్చే రోగికి సహాయం చేస్తున్నారు. చేరనివారు కూడా ఏ తప్పూ చేయడం లేదు. ఇద్దరూ తెలిసి నిర్ణయించుకోవాలన్నదే మా కోరిక. ప్రభువు మీ అందరికీ ఆరోగ్యమును, వివేచనను దయచేయును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్