పెంపుడు పిల్లులకు మూత్రబంధము



పల్లెలలో పిల్లి గాదెలచెంత ఎలుకలను పట్టి, పెరటిలోని బూడిదకుప్పలో కాలకృత్యములు తీర్చుకొనును. దాని మూత్రమును గూర్చి మన మెన్నడును విచారించి యెఱుగము. కాని 1998వ సంవత్సరమున మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలు, హైదరాబాదునకు పడమట గచ్చిబౌలి, కొండాపూరు మున్నగు చోట్ల అనేకములైన పెద్ద మేడలు వెలసినవి. మన పల్లెల బిడ్డలు పలువురు అందు కాపురముండుచున్నారు. కొందరు పిల్లిని గడప దాటనీయక పెంచుచున్నారు. వారు కచేరీలకు పోయిన పగటివేళ దానిని కనిపెట్టి యుండువారు, చూడవచ్చిన తల్లిదండ్రులైన మీరే. కావున ఈ విషయము మీకే విన్నవించుచున్నాను.

పిల్లుల పూర్వులు ఎడారి ప్రాంతములవి. అందుచేత వానికి దప్పిక తక్కువ, మూత్రము చిక్కన. ఎలుక దేహమున నూటికి సుమారు 70 పాళ్లు నీరే. అంగడిలో దొరకు ఎండు గుళికల మేతలో సుమారు 10 పాళ్లే. నీరు చాలనపుడు మూత్రములోని లవణములు ఇసుకవలె పేరుకొనవచ్చును. ఒక్కొక్కప్పుడు రాయి లేకయే, ఇల్లు మారుటచేతనో, క్రొత్తవారి రాకచేతనో కలిగిన బెదురువలన మూత్రాశయము వాచుటయు కలదు.

పిల్లి మాటిమాటికి ఇసుకతొట్టికి పోవుట, ముక్కుట, అఱచుట, చుక్కలుగా మాత్రమే పోయుట, మూత్రమున నెత్తురు కనబడుట, మర్మస్థానమును నాకుకొనుట, తొట్టి విడిచి నేలపై తడుపుట, ఇవి వ్యాధి గుర్తులు. తడిపినదని కొట్టరాదు, అది పొగరు కాదు, బాధ.

మగపిల్లికి అపాయ మెక్కువ. దాని మూత్రనాళము మిక్కిలి సన్నము. అది పూర్తిగా మూసికొన్నచో రక్తమున విషములు నిలిచి, పొటాషియము హెచ్చి, గుండె చెడి, రెండు మూడు దినములలో ప్రాణము పోవును. ముక్కుటను చూచి మలబద్ధమని ఆముదము పట్టించుచు కాలము గడుపరాదు. పొట్ట నొక్కరాదు. మన పారాసిటమాల్ మాత్ర పిల్లికి ప్రాణాంతకము. పశువైద్యుడు మత్తుమందిచ్చి, సన్నని గొట్టముతో అడ్డు తొలగించును. ఇది ఇంట జరుగు పని కాదు.

ఇక నివారణము: మంచినీటి గిన్నెలు రెండు మూడు చోట్ల ఉంచుడు. తడిమేత హెచ్చుగా పెట్టుడు. పిల్లు లెన్నియో అంతకంటె ఒక తొట్టి యెక్కువ యుంచి, దినదినము శుభ్రపఱచుడు. బలియకుండ ఆడించుడు.

మగపిల్లి ముక్కుచున్నను చుక్క రాలనిచో, కుమారుడు పనిలో నున్నాడని సంకోచింపక తత్క్షణమే టెలిఫోనులో పిలువుడు. సాయంకాలమువరకు ఆగరాదు.