'వించెస్టర్' మూతపడింది... 'ఐవీ హౌస్' నిలబడింది!

ప్రపంచం తలకిందులైపోయింది. చచ్చినవాళ్ళు లేచి వీధుల్లో తిరుగుతున్నారు. కనబడ్డవాణ్ణి కనబడ్డట్టు కొరికేస్తున్నారు. అలాంటప్పుడు మన కథానాయకుడైతే ఏం చేస్తాడు? మోటారు సైకిలెక్కి పాతికమందిని చితక్కొడతాడు. మరి ఇంగ్లీషు కథానాయకుడు? తల్లినీ, ప్రియురాలినీ, ప్రాణస్నేహితుణ్ణీ వెంటేసుకుని వీధి చివర పబ్బుకి బయల్దేరాడు!

2004లో వచ్చిన 'షాన్ ఆఫ్ ది డెడ్' చూసినవాళ్ళకి ఆ పబ్బు పేరు చెప్పక్కర్లేదు. 'ది వించెస్టర్'! ఎడ్గార్ రైట్ దర్శకత్వంలో సైమన్ పెగ్, నిక్ ఫ్రాస్ట్ నటించిన ఆ చిత్రంలో అసలు కథంతా ఆ పబ్బు చుట్టూనే తిరుగుతుంది. ఎప్పుడు చూసినా అక్కడికే తీసుకెళ్తున్నాడని ప్రియురాలు అలిగి వెళ్ళిపోతుంది. చివరికి ప్రాణం మీదికొచ్చినా అతగాడికి తోచింది ఆ చోటే! అందమైన పబ్బేం కాదు. కానీ అతనిది.

లండన్ వెళ్ళే అవకాశం రాగానే నా మనసులో వున్న మొదటి కోరిక అదే. రాజుగారి కోట తరువాత చూడొచ్చు. ముందు వించెస్టర్ చూడాలి!

అక్కడ చదువుకుంటున్న మా బాబాయి కొడుకుని వెంటబెట్టుకుని ఆగ్నేయ లండన్‌లోని న్యూ క్రాస్ ప్రాంతానికి వెళ్ళాను. మాన్సన్ రోడ్డులో మూల మీద పాత ఇటుకల భవనం. చూడగానే గుర్తుపట్టాను. తెర మీద వించెస్టర్ పబ్బు ముందుభాగం ఇదే. అసలు పేరు 'డ్యూక్ ఆఫ్ ఆల్బనీ'. లోపలి దృశ్యాలు మాత్రం ఈలింగ్ స్టూడియోలో సెట్టింగ్ వేసి తీశారు.

"పద, లోపలికి పోదాం" అన్నాను హుషారుగా.

"లోపలికెక్కడికన్నయ్యా? అవి ఇళ్ళు" అన్నాడు వాడు.

నిజమే. సినిమా వచ్చిన కొన్నేళ్ళకే పబ్బు మూతపడింది. భవనాన్ని ఫ్లాట్లుగా మార్చేశారు. ఎవరి వంటింటి కిటికీలోనో వెలుగుతున్న దీపం చూస్తూ కాసేపు నిలబడ్డాను. లోపలివాళ్ళు కర్టెన్ లాగేశారు!

2000 సంవత్సరంలో బ్రిటన్ మొత్తం మీద 60 వేలకు పైగా వున్న పబ్బులు 2022 నాటికి 46 వేలకు దిగిపోయాయి. పన్నులు, అద్దెలు, ఇంట్లో కూర్చుని తాగితే చౌక కావడం, అన్నిటికీ మించి లండన్‌లో స్థలం విలువ! పబ్బు నడిపితే వచ్చే డబ్బుకన్నా ఇళ్ళు కట్టి అమ్మితే వచ్చేది ఎన్నో రెట్లు. ఇంకేముంది?

నా ముఖం చూసి మావాడికి జాలేసినట్టుంది. "దిగులుపడకు. అరగంట నడిస్తే ఇంకో పబ్బుంది. అదీ పోవాల్సిందే, కానీ పోలేదు" అన్నాడు.

అందరూ తిరిగి చూస్తారా?

నిజం చెప్పొద్దూ, గుమ్మం దగ్గర కాస్త జంకాను. కారణం మళ్ళీ సినిమాయే! 1981లో జాన్ లాండిస్ తీసిన 'ఏన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్'లో ఇద్దరు కుర్రాళ్ళు 'స్లాటర్డ్ లాంబ్' అనే పల్లెటూరి పబ్బులో అడుగు పెట్టగానే కబుర్లన్నీ ఆగిపోతాయి. అందరూ తలలు తిప్పి చూస్తారు. ఆ దృశ్యం ఒకసారి చూసినవాడు కొత్త పబ్బు తలుపు తొయ్యాలంటే ఆలోచిస్తాడు మరి!

ఈ పబ్బు పేరు 'ఐవీ హౌస్'. నన్‌హెడ్‌లో, చుట్టూ ఇళ్ళే వున్న స్టూవర్ట్ రోడ్డులో వుంది. తలుపు తోశాను. ఎవరూ తల తిప్పలేదు. ఒక కుక్క మాత్రం చూసింది. అదీ మళ్ళీ పడుకుంది.

గోడల నిండా ముదురురంగు చెక్క పలకలు. 1930లలో ట్రూమన్ అనే బీరు కంపెనీ కట్టించిన పబ్బు ఇది. ఆ కంపెనీ ఆస్థాన శిల్పి ఏ.ఈ. సూయెల్ గీసిన నమూనా. వెనక వైపు హాల్లో చిన్న రంగస్థలం, దానికి తెర! 1970లలో దీన్ని 'న్యూలాండ్స్ టావెర్న్' అనేవారు. ఇయాన్ డ్యూరీ, డాక్టర్ ఫీల్‌గుడ్, ఎల్విస్ కాస్టెల్లో లాంటి వాళ్ళు పెద్ద పేరు రాకముందు పాడిన వేదికల్లో ఇదొకటి. పెద్ద స్టేడియాలక్కర్లేదు, పబ్బు వెనక గది చాలు అన్నవాళ్ళ సంగీతానికి 'పబ్ రాక్' అనే పేరొచ్చింది.

కుర్చీలో కూర్చున్నాం. ఐదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. ఎవరూ రాలేదు.

"సర్వరేడిరా?"

"సర్వరుండడన్నయ్యా. మనమే బల్ల దగ్గరికెళ్ళి అడగాలి. డబ్బులూ అప్పుడే ఇవ్వాలి."

ఇదీ పబ్బు మొదటి పాఠం. రెండో పాఠం: బల్ల ముందు క్యూ కనబడదు గానీ వుంటుంది! ఎవరు ముందొచ్చారో పోసే ఆమెకి తెలుసు, పక్కవాడికీ తెలుసు. నోటు ఊపడం, చిటికెలు వెయ్యడం మహాపరాధం. మూడో పాఠం: నలుగురు కలిసి వెళ్తే ఒక్కొక్కరూ వంతులవారీగా అందరికీ కొనాలి. మూడు గ్లాసులు పుచ్చుకుని తన వంతు రాగానే జారుకునేవాణ్ణి ఆ పేట పేటంతా ఏళ్ళ తరబడి గుర్తు పెట్టుకుంటుంది!

బోరింగు కొట్టినట్టు...

బల్ల మీద పొడుగాటి పిడులు వరసగా నిలబడి వున్నాయి. ఆమె ఒక పిడి పట్టుకుని, మన వీధి బోరింగు కొట్టినట్టు, నెమ్మదిగా రెండు మూడుసార్లు లాగింది. తేనెరంగు బీరు గ్లాసులోకి దిగింది. భూగర్భంలోని గదిలో వున్న పీపా నుంచి గొట్టం ద్వారా పైకి లాగే చేతిపంపు అది. ఇలాంటి పంపుకి జోసెఫ్ బ్రామా అనే ఆయన 1797లో పేటెంటు తీసుకున్నాడు.

దీన్నే 'రియల్ ఏల్' అంటారు. అంటే అసలు సిసలు బీరని. మిగతావి నకిలీవా? కాదు. తేడా ఎక్కడుందంటే, మామూలు బీరుని ఫ్యాక్టరీలోనే వడకట్టి, చాలావాటిని వేడి చేసి, అందులోని ఈస్టుని తీసేసో చంపేసో పంపుతారు. తరువాత గ్యాస్ ఒత్తిడితో పొంగిస్తారు. రియల్ ఏల్ సంగతి వేరు. పబ్బుకి చేరిన తరువాత కూడా అందులో ఈస్టు బతికే వుంటుంది. పీపాలో ఇంకా పులుస్తూనే వుంటుంది. తెల్లవారుజామున దింపిన కల్లుకీ, పొద్దెక్కిన కల్లుకీ తేడా తెలిసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు!

అందుకని దీనికి చాకిరీ ఎక్కువ. నేలమాళిగలో వేడి 11 నుంచి 13 డిగ్రీల మధ్య వుండాలి. పీపాని కదలకుండా పడుకోబెట్టాలి. పైనున్న రంధ్రంలో చిన్న చెక్కమేకు పెట్టి లోపలి గ్యాసుని కొద్దికొద్దిగా వదలాలి. మడ్డి అడుక్కి దిగేదాకా ఆగాలి. (శాకాహారులకో మాట: మడ్డి త్వరగా దిగడానికి చాలాచోట్ల చేప గాలితిత్తి నుంచి తీసిన పదార్థం కలుపుతారు. కలపనివీ దొరుకుతాయి. అడిగితే చెబుతారు.)

తీరా పీపా తెరిచాక అసలు గండం మొదలవుతుంది. లోపలికి గాలి చేరుతుంది. సుమారు మూడు రోజుల్లో అమ్ముడుపోవాలి. లేకపోతే చప్పబడి పుల్లబారిపోతుంది. మామూలు పీపాలో 9 గ్యాలన్లు, అంటే 72 పింట్లు. ఒక పింటు 568 మిల్లీలీటర్లు. ఎలాగూ మడ్డి కింద కొంత పోతుంది. మిగతాది మూడు రోజుల్లో తాగే జనం వుండాలి. అంటే ఏమిటన్న మాట? ఈ బీరుకి కావలసింది మంచి నీళ్ళు, బార్లీ, హాప్స్ మాత్రమే కాదు. రోజూ వచ్చే ఇరుగుపొరుగు కావాలి!

రుచి సంగతంటారా? ఐసులో పెట్టిన బీరుకి అలవాటు పడ్డ నాలిక మొదటి గుక్కకి ఉలిక్కిపడింది. చల్లగా కాదు, కుండలో నీళ్ళంత చల్లన. బుస్సుమనే నురగ లేదు. రెండో గుక్కకి కాస్త చేదు. మూడో గుక్కకి ఆ చేదు వెనక కాల్చిన రొట్టె వాసన... నాలుగో గుక్కకి మావాడు "మెల్లిగా అన్నయ్యా!" అన్నాడు.

అన్నట్టు, బీరు పుచ్చుకోని వాళ్ళు మొహమాటపడక్కర్లేదు. నిమ్మ సోడా పట్టుకుని సాయంత్రమంతా కూర్చోవచ్చు. మా పక్క బల్ల మీద ఒక ముసలాయన టీ తాగుతూ పత్రిక చదువుకుంటున్నాడు. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకి మాత్రం మద్యం అమ్మరు. నిండినట్టు కనబడకపోతే కాగితం చూపించమంటారు.

ఈ బీరు కూడా ఒకప్పుడు మాయమైపోవాల్సిందే. 1960లలో పెద్ద కంపెనీలు శ్రమలేని గ్యాసు బీరు వైపు మొగ్గాయి. 1971లో నలుగురు ఇంగ్లీషు కుర్రాళ్ళు సెలవులకి ఐర్లండు వెళ్ళి, ఒక బార్లో కూర్చుని 'మన బీరుని మనమే కాపాడుకోవాలి' అని సంఘం పెట్టారు. నవ్వులాటగా మొదలైన ఆ 'కామ్రా' సంఘం దేశమంతా వ్యాపించింది. చేతిపంపులు మళ్ళీ బల్లలెక్కాయి.

పేట జనమే నిర్మాతలు!

సరే, అసలు కథకి వద్దాం. ఈ ఐవీ హౌస్ ఎలా బతికింది?

2012 ఏప్రిల్‌లో దీన్ని మూసేశారు. భవనం అమ్మకానికి వచ్చింది. ఇంకేముంది, ఇదీ ఫ్లాట్లే అనుకున్నారంతా. కానీ పేటవాళ్ళు ఊరుకోలేదు. ముందు భవనానికి చారిత్రక కట్టడంగా రక్షణ సంపాదించారు. తరువాత 2011లో వచ్చిన ఒక కొత్త చట్టాన్ని పట్టుకున్నారు. ఏదైనా చోటు పేటకంతటికీ విలువైనదని నమోదు చేయిస్తే, యజమాని అమ్ముకోబోయే ముందు స్థానికులకి ఆరు నెలల గడువు దొరికేలా ఆ చట్టం చేసింది. ఆలోగా వాళ్ళు డబ్బు సమకూర్చుకుని బేరానికి రావచ్చు. ఈ చట్టం కింద దేశంలో మొట్టమొదట నమోదైంది ఐవీ హౌసే!

గడువైతే దొరికింది. డబ్బో? వారసత్వ కట్టడాల నిధి నుంచి అప్పు తెచ్చి పబ్బు కొన్నారు. నడపడానికి వాటాలు అమ్మారు. 371 మంది కొన్నారు. ఇలాంటి సహకార సంఘాల్లో ఎవరికి ఎన్ని వాటాలున్నా ఓటు ఒక్కటే. 2013 ఆగస్టులో తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. లండన్‌లో సహకార పద్ధతిలో నడిచే పబ్బు ఇదే మొదటిది. సినిమా భాషలో చెప్పాలంటే, ప్రేక్షకులే నిర్మాతలయ్యారు!

ఈ కథ ఇంగ్లీషు దర్శకులకీ తెలుసు. కెన్ లోచ్ 2023లో తీసిన 'ది ఓల్డ్ ఓక్' చూడండి. గనులు మూతపడ్డ ఊళ్ళో జనం కలుసుకోవడానికి మిగిలిన ఒకే ఒక్క చోటు ఆ పబ్బు. అది పోతే ఊరు పోయినట్టే. వించెస్టర్ తీసిన ఎడ్గార్ రైట్ బృందమే 2013లో 'ది వరల్డ్స్ ఎండ్' తీసింది. ఒకే రాత్రి 12 పబ్బులు తిరగాలనే మిత్రుల కథ. తమాషా ఏమిటంటే, ఆ పబ్బుల్లో కొన్ని తీసిన లెచ్‌వర్త్ పట్టణం ఒకప్పుడు మద్యం అమ్మని ఊరు! అక్కడి రైల్వే స్టేషన్‌కి పబ్బు వేషం వేశారు. బ్రాడ్‌వే సినిమా హాలుకి కూడా!

"సినిమా హాలు పబ్బు వేషం వేసిందా!" అని నేను నవ్వాను.

మావాడు నవ్వలేదు. గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"మన వూళ్ళో హాలు గుర్తుందా అన్నయ్యా?"

గుర్తులేకపోవడమేమిటి! నేల టిక్కెట్టు కొని తొలి ఆట చూసిన హాలు. ఇంటర్వెల్‌లో సోడా, వేయించిన వేరుశెనక్కాయలు. హీరో పేరు పడగానే ఎగిరిన కాగితం ముక్కలు. మూసేసి ఐదేళ్ళైంది. ఇప్పుడది ఫంక్షన్ హాలు.

"దాన్ని మూసేస్తున్నారని తెలిసినప్పుడు మనమేం చేశాం?" అన్నాడు.

ఆలోచించాను. "గేటు ముందు నిలబడి ఫోటో తీయించుకున్నాం."

వాడింకేం మాట్లాడలేదు. ఇంతలో బల్ల దగ్గర గంట మోగింది. ఆఖరి గ్లాసుకి పిలుపట. పక్క బల్ల ముసలాయన పత్రిక మడిచి, కుక్క గొలుసందుకుని, పోసే ఆమెకి చెయ్యూపి వెళ్ళిపోయాడు. రేపొస్తానని చెప్పలేదు. చెప్పక్కర్లేదేమో!

"వంతెవరిది?" అన్నాడు మావాడు.

నాదే. లేచాను.