తాళము - తాళపత్రము

పదమూడవ శతాబ్దమున నెల్లూరిలో తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలు పదునైదు పర్వములను తెనిగించెను. పెన్న సముద్రమును చేరు ఆ సీమలోని తేమకును, చెదలకును తాళపత్రము చిరకాలము నిలువదు. అయినను భారతము నిలిచినది. ఒక ఆకు శిథిలము కాకమునుపే మరియొక లేఖకుడు గంటము పట్టి ప్రతి వ్రాసికొనుటయే అందులకు కారణము. ఆశ్వాసాంత గద్యమున కవి తన పేరు నిలుపుకొనెను. ప్రతిని మాత్రము ఎవ్వరును బంధింపలేదు.

నేటి కంప్యూటరు ప్రోగ్రాము కర్త స్థితి వేరు. ఆతని జీవనము ప్రతుల విక్రయముపై ఆధారపడినది. ప్రతి తీయుటకు క్షణము చాలును. కావుననే తాళములు పుట్టినవి. 1980వ దశకమున ఫ్లాపీ డిస్కులలో బుద్ధిపూర్వకముగా లోపములు కల్పించి ప్రతి రాకుండ చేసిరి. కంప్యూటరు వెనుక తగిలించు చిన్న పరికరములును వచ్చెను. 2001లో విండోస్ ఎక్స్‌పీ తయారీదారు అనుమతిని పొందినగాని పూర్తిగా పనిచేయని పద్ధతిని తెచ్చెను.

ఈ తాళములు దొంగను ఆపినవా? కొంతకాలము ఆపినవి, శాశ్వతముగా కాదు. ప్రోగ్రాము "తాళపుచెవి ఉన్నదా?" అని ప్రశ్నించును. ఆ ప్రశ్నను తొలగించినను, "ఉన్నది" యను జవాబునే ఎల్లప్పుడు వచ్చునట్లు చేసినను తాళము వీడును. నేర్పరి యొక్కడు ఒక్కసారి విప్పిన చాలును. తక్కినవారికి ఆ నేర్పుతో పనిలేదు. తుదకు చిక్కులు సొమ్ము చెల్లించినవానికే మిగులును. ఈ కారణముననే అమెరికాలో పలు సంస్థలు ఆ దశకముననే డిస్కు తాళములను విడిచెను.

తెలుగునకు కలిగిన నష్టము మరింత లోతైనది. అక్షరకూర్పు ప్రోగ్రాములు కొన్ని పరికరపు తాళములతో, తమకే తెలిసిన సంకేతములతో వెలువడెను. పరికరము పోయినచో, తాను కూర్చిన గ్రంథమే తనకు అర్థము కాని రోమను లిపి గుర్తులుగా కనబడును. 1991లో యూనికోడు తెలుగునకు చోటిచ్చెను. తిరుమల కృష్ణదేశికాచార్యులు "పోతన" ఖతిని ఉచితముగా అందించిరి. తాళము లేని ఆ అక్షరములు ఎల్లలు దాటి వ్యాపించెను.

చట్టము రెండు పక్షములను చూచినది. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 2012లో చేర్చిన 65ఎ విభాగము, హక్కులను హరించు తలపుతో తాళము విప్పుటను శిక్షార్హము చేసినది. కొనినవాడు నష్టనివారణకై ఒక ప్రతిని దాచుకొనుటను అదే చట్టము అంగీకరించుచున్నది.

శ్రమించినవానికి మూల్యము ముట్టవలెను. అది పాఠకుని ధర్మము. విద్యార్థులు, ఉపాధ్యాయులు తమ వ్రాతలను మాత్రము ఏ ప్రోగ్రాము తాళమునకును అప్పగింపక, యూనికోడులో ఒక ప్రతిని వేరుగా నిలుపుకొనవలెను. ప్రతి లేని గ్రంథమునకు చెదలైనను చాలును, పోయిన తాళపుచెవియైనను చాలును.