పొరుగు రాష్ట్రములందలి తెలుగింటి వంట

చెన్నపట్టణమున న్యాయవాదులుగను, వైద్యులుగను, ఉద్యోగులుగను స్థిరపడిన తెలుగు కుటుంబములలో పిల్లలు తెలుగక్షరములు చదువలేకుండుట యిప్పుడు వింత గాదు. కాని యా పిల్లలే పప్పు, చారు, పచ్చడి, పులుసు, పెరుగు అను మాటలను దినమునకు రెండు పూటల పలుకుచున్నారు. వానికి బదులుగా మరియొక భాషలోని మాట వారి నోట రాదు. బడి వదలివేసిన భాషను వంటయిల్లు నిలిపినది. 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు ముఖ్యపట్టణముగా ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు కచేరీలు తరలిపోయినవిగాని, పెక్కు కుటుంబములు ఇచ్చటనే నిలిచిపోయినవి. ఆ దినముననే బళ్ళారి తెలుగువారు మైసూరువారైరి. అంతకు మున్నే, 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు, బరంపురము తెలుగువారు ఊరు కదలకుండనే పొరుగు రాష్ట్రమున జేరిరి. తంజావూరు, మధుర ప్రాంతములవారి సంగతి యింకను పురాతనము. వారు నాయకరాజుల కాలమునుండి యచ్చటివారే. వీరందరి యిండ్లలో ఏ వంటలు నిలిచినవి, ఏవి జారిపోవుచున్నవి యను ప్రశ్న తిండిపోతుల ప్రశ్న మాత్రమే కాదు.

నిలిచినవానిలో మొదటిది భోజనక్రమము. తమిళుల విందులలో పప్పు నేయి తొలిముద్దకు మర్యాదగా వచ్చును. పిదప ప్రాధాన్యము సాంబారుదే. తెలుగింట పప్పే ప్రధానము. ముద్దపప్పైనను, మామిడికాయ పప్పైనను, తోటకూర పప్పైనను, దానిని నేతితో కలుపుకొని, ప్రక్కన ఆవకాయ బద్ద పెట్టుకొని, సగము అన్నమును దానితోనే ముగించువారు చాల మంది. పిమ్మట కూర, పచ్చడి, పులుసో చారో, తుదకు పెరుగు. మూడు నాలుగు తరములు తమిళదేశమున గడచినను ఈ వరుస తప్పని యిండ్లు కలవు. ఇంటిభాష మారినను ముద్ద కలుపు వరుస మారలేదు.

రెండవది, ఏ సంతలో ఏది దొరికిన దానితో ఇంటిరుచిని నిలుపుకొను నేర్పు. గోంగూరనే చూడుడు. చెన్నపట్టణపు కూరగాయల అంగడిలో దాని పేరు పుళిచ్చకీరై, ఉత్తర కర్ణాటకమున పుండి, షోలాపురమున అంబాడీ. బేరము ఆయా భాషలలో జరుగును. సంచి ఇంటికి వచ్చినంతనే అది గోంగూర యగును. షోలాపురమున మగ్గములకై తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలీలు దానిని జొన్నరొట్టెతో తినుచున్నారు. కోలారు, పావగడ ప్రాంతముల తెలుగువారికి అన్నముకంటె రాగిసంగటి దగ్గరిచుట్టము; ఆకుకూరయు పప్పును ఉడికించి వార్చిన నీటితో కాచెడి బస్సారును వారు కన్నడిగులతో సమానముగ మెచ్చుదురు. బరంపురమువారి యింట కూరగాయముక్కలతో, చింతపండు లేకుండ వండిన దాల్మా ఒకనాడైనచో, మరునాడు చింతపండు పిసికిన ముక్కలపులుసు. ఒడియావారి బేసరకును మన ఆవపెట్టిన కూరకును నడుమ దూరము మిక్కిలి తక్కువ. చద్దన్నము తినువానికి పఖాళమును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. యానాము 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండినను గోదావరి యొడ్డుననే యున్నది గనుక, వరదల కాలమున పులసచేప పులుసు విషయమున దానికిని చుట్టునున్న ఊళ్ళకును భేదము లేదు.

ఈ ఇచ్చిపుచ్చుకొనుట క్రొత్తది గాదు. శ్రీనాథుడు కన్నడదేశమునకు బోయి, అచ్చటి వెల్లుల్లి, నూవులపిండి, అంబలి తనకెట్లు తప్పనివైనవో కర్ణాట రాజ్యలక్ష్మితో మొరపెట్టుకొన్నట్లు ఒక చాటుపద్యము ప్రసిద్ధము. రుచికి పేరుపడిన కవికిని పరదేశపు తొలి భోజనము కష్టమే యైనదన్నమాట. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలోని విందు ఇందుకు ఎదురు. ఆ కథ జరిగినది తమిళదేశమున, శ్రీవిల్లిపుత్తూరులో. విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువును బట్టి వడ్డించును. వానకాలమున పొగ పుట్టని కొబ్బరిచిప్పల మంటపై వండిన అన్నము, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు కూరలు, వడియములు, వరుగులు. వేసవిలో గోరువెచ్చని అన్నము, తియ్యని చారులు, చెరకురసము, నీరుమజ్జిగ. చలికాలమున మిరియపు పొడి చల్లిన వేడి కూరలు, ముక్కు నదరగొట్టు ఆవపచ్చళ్ళు, పాయసములు, చేతికి చుఱుక్కుమను నేయి. తమిళదేశపు భక్తుని యింటిభోజనమును తెలుగు పలుకులతో వర్ణించిన ఆ రాజు కన్నడ రాజ్యరమారమణుడు. ఆ వంటయింట ఏ గోడ యే భాషదో తేల్చుట యెవరి తరము?

ఆ విందులో మిరపకాయ లేదనియు గమనింపవలెను. రాయలు రాజ్యమేలినది 1509 మొదలు 1529 వరకు. మిరప అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి ఓడలలో మన దేశమునకు వచ్చి వ్యాపించినది ఆ శతాబ్దమునందే. ఇప్పుడు చెన్నపట్టణమున ‘ఆంధ్రా మీల్స్’ అను బోర్డు చూచి లోనికి బోవువారు కన్నుల నీరు కారినగాని తెలుగు భోజనము చేసినట్లు కాదని తలచుచున్నారు. ఆ కారము హోటలువారి వ్యాపారమునకు మంచిదే కావచ్చును. ఇంటిలో పసిపిల్లలును, ముసలివారును కూడ తినవలసిన చారుకు అది ప్రమాణము కానేరదు.

ఇంతవరకు ధైర్యముగ చెప్పవచ్చును. నిత్యభోజనమునకు భయము లేదు. భయమంతయు తీపివంటకములకే. ఉగాదికి బొబ్బట్లు, సంక్రాంతికి అరిసెలు, శ్రీమంతమునకు చలిమిడి అంగడినుండి అట్టపెట్టెలలో వచ్చుచున్నవి. పట్టణపు ఉద్యోగులకు తీరిక లేదన్నది నిజమే. అయినను అసలు కారణము తీరిక గాదని మా యభిప్రాయము. తీపివంటకమునకు కొలతయు పాకమును కావలెను, ఆ రెండును చేతినుండి చేతికి వచ్చిన విద్యలు. పప్పులో ఉప్పు తగ్గిన వడ్డించునప్పుడు వేసికొనవచ్చును. పాకము ముదిరిన దానిని సరిదిద్దు దారి తక్కువ.

అవ్వల కొలతలు గిద్దె, సోల, తవ్వ, మానికలలో నుండెను. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. బెల్లము వీశెలలోను, పలములలోను తూగెను. నలువది పలములు వీశె. 1956 నాటి తూనికలు కొలతల శాసనము పిదప కిలోగ్రాములు, లీటరులు వచ్చినవి. పాత కొలపాత్రలు అటుకెక్కినవి. పాత కాగితముపై ‘సోలెడు బియ్యమునకు ఇరువది పలముల బెల్లము’ అని యున్నచో చదువగలిగిన మనుమరాలికిని అది సంస్కృత శ్లోకమువలె నుండును. పలమనగా ఇప్పటి తూనికలో సుమారు ముప్పదియైదు గ్రాములని తెలిసినను, సోల కొలత సీమసీమకు మారుచుండెను గనుక, ఆ కాగితము సగమే మాటాడును. దీనికి విరుగుడు సులభము. పాళ్ళు మాత్రము వ్రాసికొనిన చాలును. ఏ గిన్నెతో బియ్యము కొలిచిన ఆ గిన్నెతోనే పాలును, బెల్లమును కొలిచినచో, ఆ గిన్నె బరంపురమున కొన్నదైనను, బెంగుళూరున కొన్నదైనను భేదము లేదు.

అన్ని తీపివంటకములను ఇంటనే చేయవలెనని పట్టుబట్టుట తెలివిగాదు. అరిసెలకు తడిపిండి, సరియైన పాకము, నూనెనుండి తీసినంతనే అదిమి నూనె పిండుటకు రెండవ మనిషి కావలెను. పూతరేకులకు ఆత్రేయపురపు చేతివాటమే కావలెను. వీనిని కొనుటలో సిగ్గుపడవలసినది లేదు. రవకేసరి అరగంటలో నగును. అది యెవరికైనను వచ్చును, దానిని గూర్చి వ్రాయనక్కరలేదు. నిలుపుకొనవలసినవి వీని నడుమనున్నవి.

వానిలో మొదటిది పరమాన్నము. ఒక పాలు బియ్యమును మూడు పాళ్ళ పాలు, రెండు పాళ్ళ నీరు కలిపిన దానిలో సన్నని సెగపై మెత్తగ నుడికింపవలెను. మెతుకు వ్రేళ్ళ నడుమ నలిగినగాని బెల్లము జోలికి పోరాదు. తీపి తగిలిన పిదప మెతుకు ఇక మెత్తబడదు. ఒకటింబాతిక పాలు బెల్లమును కొంచెము నీటిలో కరగించి, ఇసుక పోవునట్లు వడగట్టి, గోరువెచ్చగ చల్లార్చి, పొయ్యినుండి దింపిన పరమాన్నములో కలుపవలెను. మరుగుచున్న పాలలో బెల్లము వేసినచో పాలు విరిగిపోవును. ‘మా యింట పరమాన్నము కుదరదు’ అనువారికి సాధారణముగ కుదరనిది ఈ యొక్క మెట్టే. యాలకుల పొడి, నేతిలో వేచిన జీడిపప్పు చివరకు.

సున్నుండలకు పాకమే లేదు. పొట్టుమినుములను గుప్పెడు బియ్యముతో కూడ సన్నని మంటపై వాసన వచ్చువరకు ఓపికతో వేయింపవలెను. తొందరపడిన పైన మాడును, లోన పచ్చివాసన మిగులును. విసరిన పిండి రెండు పాళ్ళు, తరిగిన బెల్లము ఒకటిన్నర పాలు, ఉండ నిలుచునంత కరగిన నేయి. పచ్చిచలిమిడికి పొయ్యియే అక్కరలేదు. నానిన బియ్యమును నీరోడ్చి దంచిన తడిపిండి రెండు పాళ్ళకు ఒక పాలు బెల్లము కలిపి దంచి, నేయి, కొబ్బరి కోరు చేర్చిన సరి. ఎక్కువ దినములు నిలువయుండదు గనుక అంగడివాడు దానిని అమ్ముట కష్టము. ఆడపిల్లను అత్తవారింటికి పంపునప్పుడు ఒడిలో పెట్టెడి ఆ ముద్ద బెంగుళూరునను, బొంబాయినను పంచదారబిళ్ళల పెట్టెగా మారిపోవుట మాకు నచ్చని విషయము.

బొబ్బట్ల సంగతి వేరు. అవి కొంచెము శ్రమగలవే యైనను ఏడాది కొకమారు ఇంట చేయదగినవి. ఏలయన వాని వెంట ఒక చారు ఉచితముగ వచ్చును. పూర్ణమునకై పప్పు నుడికించి వార్చిన కట్టును పారబోయక, చింతపండు, మిరియము, కొంచెము పూర్ణము కలిపి కాచినచో, దానిని కన్నడిగులు ఒబ్బట్టు సారందురు, మరాఠీలు కటాచీ ఆమటి యందురు. వంటకమునకును ఊరూర పేరు మారును: మనకు బొబ్బట్లు, భక్ష్యములు, ఓళిగలు, కన్నడమున ఒబ్బట్టు, హోళిగె, తమిళమున పోళి, మరాఠీలో పురణ్ పోళీ. నాలుగు భాషల యిరుగుపొరుగులు నాలుగు గిన్నెలతో ఆ చారును మార్చుకొను వీధులు ఇంకను కలవు. అంగడి బొబ్బట్టుతో ఆ చారు రాదు.

వ్రాసిపెట్టుటకు పూనుకొనువారు చేయవలసిన దొకటి కలదు. అవ్వను కూర్చుండబెట్టి అడిగిన కొలత రాదు. ‘చూచి వేయుట’ అనునదే ప్రత్యుత్తరము. ఆమె వండునప్పుడు ప్రక్కన నిలిచి, ఆమె చేయి డబ్బాలో పెట్టకమునుపే పదార్థమును గిన్నెతో కొలిచి యిచ్చి, మిగిలినదానిని తిరిగి కొలిచినచో ఎంత పట్టినదో తేలును. ఉప్పు, చింతపండు ఈ విధముగనే లెక్కకు వచ్చును. పప్పులో చింతపండు రసము పప్పుడికిన పిదపనే పోయవలెనన్నది ఆమె చెప్పదు, చేయును; పులుపు ముందే తగిలిన పప్పు బద్ద ఉడుకక గట్టిపడును. ఇట్టివానిని చూచి వ్రాసికొనవలెను. వంటకము పేరును తెలుగు లిపిలోను, సరకుల పేర్లను ఆ యూరి భాషలోను వ్రాసిన, సంచితో అంగడికి బోవువానికి ఉపయోగపడును.

పిల్లల చేతికి మొదట ఇయ్యదగినవి పాలతాలికలు. వినాయకచవితికి చేసెడివి. మరుగునీట ఉక్కించిన బియ్యపుపిండిని మెదిపి, పీటమీద అరచేతితో దారములవలె పేనవలెను. సన్నమైనను, లావైనను, వంకరయైనను ఉడికిన పిదప రుచి యొక్కటే. సెగ తగ్గించిన పాలలో వేసి, అవి గట్టిపడువరకు గరిటె పెట్టరాదు, పెట్టిన పిండియై కరగును. బెల్లము పరమాన్నమునకు చెప్పినట్లే, దింపిన తరువాత. రాత్రి మిగిలినవి ఉదయమునకు ముద్దకట్టియుండును. వానిలో గోరువెచ్చని పాలు పోసి మెల్లగ కదిపినచో తిరిగి విడివడును, పొయ్యిమీద పెట్టరాదు.